సభే స్టూడియో: గద్దర్ గొంతులో యాభై ఏళ్లు

పల్లె గొంతుకలు – ధారావాహిక, 9వ భాగం

మెదక్ పట్టణంలో పాటకు రెండు రకాల చోట్లున్నాయి. ఒకటి చర్చి. కరువు కాలంలో కూలీలకు పని చూపిస్తూ చార్లెస్ వాకర్ పాస్నెట్ పదేళ్లపాటు కట్టించి, 1924 డిసెంబర్ 25న తెరిచిన ఆ రాతి మందిరంలో పాట గోడల మధ్య, కప్పు కింద, వరుసల్లో కూర్చున్న జనం కోసం సాగుతుంది. రెండోది రాందాస్ చౌరస్తా. అక్కడ గోడల్లేవు, కప్పు లేదు. బస్సు హారన్లు, మైకు కీచులు, వెనక నిలబడ్డవాళ్ల మాటలు అన్నీ దాటుకుని పాట వినబడాలి. వినబడకపోతే జనం ఆగరు, ఎవరి పని వాళ్లకుంటుంది.

మెతుకుసీమ అని పిలిచే ఈ మెదక్ ప్రాంతం నుంచి లేచిన అతిపెద్ద గొంతు ఈ రెండో రకం చోట్లలోనే యాభై ఏళ్లు బతికింది.

గత భాగం నాజర్ బుర్రకథ దగ్గర ఆగింది. అదే బుర్రకథతో మొదలైన ఇంకో పాటగాడు గుమ్మడి విఠల్‌రావు. 1949లో తూప్రాన్‌లో పుట్టారు. హైదరాబాద్ నుంచి నాగపూర్ వెళ్లే రహదారి మీదున్న ఆ ఊరు ఇప్పుడు మెదక్ జిల్లాలో రెవెన్యూ డివిజన్ కేంద్రం. తల్లి లచ్చుమమ్మ, తండ్రి శేషయ్య. దళిత కుటుంబం, కూలి బతుకు. ఆ ఇంటి నుంచి ఇంజనీరింగ్ చదువు దాకా వెళ్లిన విఠల్‌ను పాట తనవైపు లాక్కుంది. 1971లో బి. నర్సింగరావు ఆయనతో రిక్షా కార్మికుల మీద తొలి పాట రాయించారు. నర్సింగరావుది కూడా అప్పటి మెదక్ జిల్లాయే, గజ్వేల్ పక్కన ప్రజ్ఞాపూర్. మరుసటి ఏడు విప్లవ పాటల బృందం జన నాట్య మండలి పుట్టింది. తొలి పాటల సంకలనానికి, బ్రిటిష్ పాలనను ఎదిరించిన గదర్ పార్టీని తలచుకుంటూ పెట్టిన పేరు పాడినాయనకే అంటుకుంది. అప్పటి నుంచి ఆయన గద్దర్, జనానికి గద్దరన్న.

ఆయన జీవితం మీద, రాజకీయాల మీద రాసినవాళ్లు చాలామంది ఉన్నారు. ఈ భాగంలో చూడాల్సింది వేరే సంగతి. సభలో తప్ప పూర్తిగా దొరకని ఇలాంటి పాటను తర్వాతి తరానికి ఏ రూపంలో అందించాలి?

రాక్ సంగీత ప్రపంచం ఈ ప్రశ్నకు తనదైన దారి వెతుక్కుంది. స్టూడియోలో చేసిన ఆల్బమ్‌లు ఎన్ని ఉన్నా, సుదీర్ఘ కాలం వేదికల మీద పాడినవాళ్లకు ఆ కచేరీలన్నిటి నుంచి ఏరి కూర్చిన లైవ్ సంకలనం ఒకటి ఉండాలని అక్కడి శ్రోతలు పట్టుబడతారు. 1986 నవంబర్‌లో బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ అలాంటి పెట్టె ఒకటి విడుదల చేశారు. ఐదు ఎల్పీలు, 40 పాటలు, 1975 నుంచి 1985 దాకా పదేళ్ల కచేరీలు. మొదటి పాట లాస్ ఏంజెలిస్‌లోని రాక్సీ అనే చిన్న క్లబ్బులోది. చివరికొచ్చేసరికి పాటలు పెద్ద పెద్ద స్టేడియాలకు చేరతాయి. పాటలతో పాటు జనం హోరు కూడా పెరుగుతూ పోతుంది. ఒక గాయకుడి ఎదుగుదల కథను చప్పట్లే చెబుతాయి.

ఫ్రాంక్ జాపా మరో దారి పట్టారు. 1960ల నుంచి 1988 దాకా తన కచేరీల టేపులన్నీ దాచుకుని, 1988కీ 1992కీ మధ్య ఆరు సంపుటాలుగా తెచ్చారు. ఒక్కో సంపుటం రెండు సీడీలు. ఏళ్ల వరుస ఆయన పట్టించుకోలేదు. వేర్వేరు కాలాల బృందాలను పక్కపక్కన పెట్టారు. ఒకే పాటలో రెండు వేర్వేరు ఏళ్ల కచేరీలను అతికించిన సందర్భాలూ ఉన్నాయి. గ్రేట్‌ఫుల్ డెడ్ బృందమైతే 1984లో, కచేరీని రికార్డు చేసుకోదలచిన శ్రోతలకు ప్రత్యేకంగా చోటే కేటాయించింది. శ్రోతలు ఆ టేపులను డబ్బు పుచ్చుకోకుండా ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకున్నారు. 1993 నుంచి 2005 వరకు, బృందం టేపుల భాండాగారం చూసుకున్న డిక్ లాట్వాలా పేరు మీద ఆ బృందం పాత కచేరీలు 36 సంపుటాలుగా వచ్చాయి.

వీటన్నిటిలో గద్దర్‌కు బాగా దగ్గరగా వచ్చే కథ బాబ్ డిలాన్‌ది. 1966 మే 17న ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో ఆయన ఎలక్ట్రిక్ గిటార్‌తో పాడుతుంటే, జానపద బాణీని వదిలేశాడన్న కోపంతో జనంలోంచి ఒకరు "జూడాస్" అని అరిచారు. ఆ కచేరీ దొంగచాటు రికార్డులుగా దశాబ్దాలు చేతులు మారింది. అది కూడా లండన్‌లోని రాయల్ ఆల్బర్ట్ హాల్ కచేరీ అన్న తప్పు పేరుతో. అధికారికంగా వెలువడింది 1998లో. ఆ అరుపును ఎవరూ కత్తిరించలేదు. కత్తిరిస్తే ఆ రాత్రి ఏం జరిగిందో అర్థం కాదు.

గద్దర్ సభలో ఇలాంటి గొంతులు పాటకు బయటివి కావు. ఆయన కళారూపమే వాటి మీద నిలబడింది. గొంగడి, గోచీ, కాళ్లకు గజ్జెలు, చేతిలో కర్ర. పక్కన డప్పు, డోలక్, వంత పాడే బృందం. ఒగ్గు కథ నుంచి, వీధి భాగోతం నుంచి, బుర్రకథ నుంచి తీసుకున్న నడక. ముందు ఒక కూనిరాగం, ఆ వెంటనే మాట, మాటలోంచి ఒక చరణం. కోరస్ అందుకోగానే ఆయన ఆగిపోయి జనాన్ని ఏదో అడిగేవారు. జనం బదులిచ్చాక ఆ బదులు పట్టుకుని మళ్లీ పాటలోకి వెళ్లేవారు. ఆ ఊరి సంగతి, ఆ వారం జరిగిన సంఘటన, ఆ సభకు వచ్చిన తల్లుల ప్రస్తావన చరణాల మధ్యలో చేరిపోయేవి. అందుకే ఒకే పాట ఒక ఊళ్లో కాసేపట్లో ముగిస్తే, మరో ఊళ్లో సభలో సగం తానే అయ్యేది. రాసిన పాట విత్తనమైతే సభ చేను. ఏ చేలో ఎంత పండుతుందో ముందు చెప్పడానికి వీల్లేదు.

ఇలాంటి పాటను స్టూడియోలో నాలుగైదు నిమిషాలకు కుదిస్తే బాణీ మిగులుతుంది, సాహిత్యం మిగులుతుంది. సంభాషణ పోతుంది. గద్దర్ పాటలో సగానికి పైగా సంభాషణే.

ఆయన గొంతును తెలుగు నేల నలుమూలలకూ మోసింది క్యాసెట్. 1963లో ఫిలిప్స్ కంపెనీ బెర్లిన్‌లో మొదటిసారి చూపించిన కాంపాక్ట్ క్యాసెట్ మన పల్లెల్లోకి జోరుగా వచ్చేసరికి 1980లు వచ్చాయి. గ్రామఫోన్ రికార్డు అచ్చుపోయాలంటే ఫ్యాక్టరీ కావాలి, కంపెనీ ఒప్పుకోవాలి. క్యాసెట్‌కు రెండు టేప్ రికార్డర్లు, మధ్యలో ఒక వైరు ఉంటే సరిపోతుంది. ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఉత్తర భారతంలో ఈ మార్పును పీటర్ మాన్యుయెల్ 1993లో ఒక పుస్తకంగా రాశారు. పెద్ద కంపెనీల గుత్తాధిపత్యం తగ్గి, ప్రాంతీయ పాటలు, భక్తి గీతాలు, రాజకీయ ప్రచారం చిన్న చిన్న పట్టణాల నుంచే పుట్టుకొచ్చాయని ఆయన చూపించారు. తెలంగాణలో ఆ మార్పుకు అందరికన్నా గట్టి సాక్ష్యం జన నాట్య మండలి పాటే.

క్యాసెట్‌కు తన ఇరుకూ ఉంది. 60 నిమిషాల క్యాసెట్‌లో ఒక్కో వైపు అరగంట. సభలో గద్దర్ అరగంట చూసుకుని పాడరు కదా. పాట ఊపందుకున్న చోటే టేపు అయిపోతుంది. రికార్డు చేసే మనిషి క్యాసెట్ తీసి, తిప్పి పెట్టి, మళ్లీ బటన్ నొక్కేలోపు ఒక చరణమో, ఒక మాటో గాలిలో కలిసిపోతుంది. సభల టేపుల్లో ఇలాంటి ఖాళీలు తప్పవు. వాటిని అతికించి దాచేయడం కన్నా ఖాళీని ఖాళీగానే వదలడం మంచిది. జాపా చేసిన అతుకులు తన పాటల మీద తన చేత్తో చేసుకున్నవి. పాడినాయన లేనప్పుడు ఇతరులకు ఆ స్వేచ్ఛ ఉండకూడదు.

1975లో చేరిన కెనరా బ్యాంకు ఉద్యోగానికి గద్దర్ 1984లో రాజీనామా చేశారు. 1985 జూలై 17న ప్రకాశం జిల్లా కారంచేడులో దళితులను ఊచకోత కోశారు. దానిపై జన నాట్య మండలి గట్టిగా గళమెత్తింది. ఆ ఏడాదే ఆయన అజ్ఞాతంలోకి వెళ్లారు. దాదాపు ఐదేళ్లు ఆయన బహిరంగ సభలో కనిపించలేదు. మనిషి కనబడని ఆ కాలంలో ఊళ్లలో తిరిగింది క్యాసెట్టే. పాడేవాణ్ని చూడకుండానే పాటను నేర్చుకున్న తరం ఒకటి ఆ ఐదేళ్లలో తయారైంది.

ఆ తరం 1990 ఫిబ్రవరిలో ఆయన్ను చూసింది. మర్రి చెన్నారెడ్డి ప్రభుత్వం వచ్చాక ఆంక్షలు సడలాయి. ఫిబ్రవరి 18న గద్దర్ బయటికొచ్చారు. 20న హైదరాబాద్ నిజాం కాలేజీ మైదానంలో సభ జరిగింది. రెండు లక్షల మంది వచ్చారని చెబుతారు. వాళ్లలో చాలామందికి పాటలు ముందే కంఠస్థం. ఆ సభలో ఎవరు ఎవరికి వంత పాడారో తేల్చడం కష్టం. తెలుగు నేల మీద లైవ్ సంగీత చరిత్ర అంటూ ఎవరైనా రాస్తే అందులో మొదటి పేజీకి అర్హమైన రోజు అది. అదే ఏడాది మే నెలలో వరంగల్‌లో రైతు కూలీ సంఘం మహాసభ లక్షల మందితో జరిగింది. ఆ తర్వాత రెండేళ్లకే, 1992లో, నక్సలైటు పార్టీ పీపుల్స్‌వార్‌పై నిషేధంతో బహిరంగ సభల ఆ కిటికీ మళ్లీ మూసుకుపోయింది.

1997 ఏప్రిల్ 6న అల్వాల్‌లోని ఇంట్లో గుర్తు తెలియని వ్యక్తులు ఆయనపై కాల్పులు జరిపారు. ప్రాణం దక్కింది కానీ ఒక తూటా వెన్నులోనే ఉండిపోయింది. బతికినంత కాలం దానితోనే ఎగిరారు, దుమికారు, గజ్జె కట్టారు. 1997కు ముందు పాడిన ఒక పాటను, ఆ తర్వాత పాడిన అదే పాటను పక్కపక్కన పెట్టి వినిపించగలిగితే ఆయన కళ గురించి ఎన్ని వ్యాసాలు రాసినా చెప్పలేనిది శ్రోతకు తెలుస్తుంది. దీర్ఘకాలపు లైవ్ సంకలనం వల్ల కలిగే మేలు ఇదే. హిట్ పాటల సంకలనం ఈ పని చేయలేదు.

సినిమా కూడా ఈ గొంతును పట్టుకుంది, తన పద్ధతిలో. 1979లో గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో నర్సింగరావు, రవీంద్రనాథ్ నిర్మించిన 'మా భూమి'లో 'బండెనక బండి కట్టి' పాడుతూ గద్దర్ తెర మీద కనిపిస్తారు. 1995లో దాసరి నారాయణరావు తీసిన 'ఒరేయ్ రిక్షా' కోసం 'మల్లెతీగకు పందిరివోలె' రాశారు. ఆ చిత్రంలో దాన్ని పాడింది వందేమాతరం శ్రీనివాస్. ఉత్తమ గీత రచయితగా నంది అవార్డు వస్తే గద్దర్ తీసుకోలేదు. 2011లో ఎన్. శంకర్ తీసిన 'జై బోలో తెలంగాణ'లో 'పొడుస్తున్న పొద్దుమీద' పాటకు ఆయనే ఉత్తమ గాయకుడిగా ఎంపికయ్యారు. ఈ మూడు పాటలూ కోట్ల మందికి తెలిసింది సినిమా వల్లే. సినిమా రికార్డింగు శుభ్రంగా ఉంటుంది, వాయిద్యాలు పొందికగా ఉంటాయి. అదే పాటను సభలో కేవలం డప్పు మీద విన్నవాళ్లకు మాత్రం సినిమాలోది సంక్షిప్త ప్రతిలా అనిపిస్తుంది. సంకలనంలో రెండూ ఉండాలి. మొదట సభలోది రావాలి.

ఆ 2011 పాట నాటికి తెలంగాణ ఉద్యమ వేదికల రూపం మారింది. 2002లో కామారెడ్డిలో మొదలైన ధూంధాం, సిద్దిపేట ప్రాంతం నుంచి వచ్చిన రసమయి బాలకిషన్ వంటి వాళ్ల నాయకత్వంలో, పాటనే సభగా మార్చేసింది. ఉపన్యాసం మధ్యలో పాట అన్న పాత పద్ధతి పోయి, పాటల మధ్యలో ఉపన్యాసం వచ్చింది. ఆ వేదికలెక్కిన పిల్లల్లో చాలామంది గద్దర్ గొంగడి చూసి, గద్దర్ గజ్జె విని తయారైనవాళ్లే. మెదక్, సిద్దిపేట, సంగారెడ్డి అప్పుడింకా ఒకే జిల్లా. 2016 అక్టోబర్ 11న మూడుగా విడిపోయింది. పాటల వంశవృక్షం మాత్రం విడిపోలేదు.

ఇక ఎవరి పాట ఎవరిది అన్న విషయం. దీన్ని తేలిగ్గా తీసుకుంటే సంకలనం మొత్తం అన్యాయం మీద నిలబడుతుంది. 'బండెనక బండి కట్టి' తెలంగాణ సాయుధ పోరాట కాలపు పాట, రాసింది బండి యాదగిరి. 'ఊరు మనదిరా' గూడ అంజయ్య రాసినది. ఉత్తరాంధ్ర బాణీని జన నాట్య మండలికి తెచ్చి పెట్టినవారు వంగపండు ప్రసాదరావు. గద్దర్ గొంతు ఎంత పెద్దదంటే, ఆయన పాడినవన్నీ ఆయన రాసినవే అని చాలామంది నమ్ముతారు. పాడినవాళ్ల పేర్లు, రాసినవాళ్ల పేర్లు, డప్పు కొట్టినవాళ్ల పేర్లు, వంత పాడిన ఆడవాళ్ల పేర్లు ప్రతి పాట కిందా రావాలి. కోరస్ అని ఒక్క మాటతో సరిపెట్టకూడదు. సమష్టి కళారూపానికి ఒక్క ముఖమే మిగలడం ఆ కళారూపానికే నష్టం.

చట్టం సంగతీ ఉంది. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. రాసినవారు కన్నుమూసిన తర్వాత 60 ఏళ్ల వరకు రచన మీద హక్కు ఉంటుంది. గద్దర్ 2023 ఆగస్టు 6న చనిపోయారు కాబట్టి ఆయన రాసిన పాటల మీద హక్కు 2083 చివరి దాకా వారసులదే. వేదిక మీద పాడిన మనిషికి ఆ ప్రదర్శన మీద హక్కు ఉంటుందన్న మాట మాత్రం 1994 సవరణతోనే మన చట్టంలోకి వచ్చింది. అంటే నిజాం కాలేజీ మైదానంలో ఆయన పాడిన రోజున ఆ హక్కు చట్టంలో లేనే లేదు. టేపు ఎవరి దగ్గర ఉంటే పాట వాళ్లదే అనుకునే అలవాటు మనకు ఆ కాలం నుంచే వచ్చింది. సంకలనం తేవాలనుకునేవాళ్లు కుటుంబంతో, ఇతర కవుల కుటుంబాలతో, టేపులు దాచుకున్న వాళ్లతో ముందే కూర్చుని మాట్లాడుకోవాలి.

టేపులు ఎల్లకాలం ఆగవు. క్యాసెట్‌లో శబ్దాన్ని మోసేది ప్లాస్టిక్ పట్టీ మీద పూసిన అయస్కాంత పొడి. మన తేమకు దానికి బూజు పడుతుంది, పొడి రాలుతుంది, పట్టీ చుట్టల మధ్య అతుక్కుంటుంది. క్యాసెట్ సెకనుకు 4.76 సెంటీమీటర్ల వేగంతో తిరగాలి. సభలో బ్యాటరీలు బలహీనపడిన రికార్డర్ ఇంకా నెమ్మదిగా తిరిగి ఉంటుంది. అలాంటి టేపును ఇప్పుడు సరైన వేగంతో వేస్తే గద్దర్ గొంతు సన్నగా, తొందరగా వినిపిస్తుంది. డప్పు శ్రుతి, ఆయన మామూలు మాట గొంతు తెలిసినవాళ్లు దగ్గరుండి వేగం సరిచేయాలి. మంచి డెక్ మీద ఒక్కసారి శ్రద్ధగా ఎక్కించుకుని, 96 కిలోహెర్ట్జ్, 24 బిట్ల స్థాయిలో భద్రపరచడం ప్రపంచవ్యాప్తంగా శబ్ద భాండాగారాలు పాటించే మేలైన పద్ధతి. 1982 నుంచి పనిచేస్తున్న, ఇప్పుడు గురుగ్రామ్‌లో ఉన్న సంగీత భాండాగారం, అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియన్ స్టడీస్ వాళ్లది, ఈ పనిలో నలభై ఏళ్లకు పైబడిన అనుభవం ఉన్నది. నేర్చుకోవడానికి దూరం పోనక్కర్లేదు.

గ్రేట్‌ఫుల్ డెడ్ బృందం 1977 మే 8న కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఇచ్చిన కచేరీని బెట్టీ కాంటర్-జాక్సన్ అనే ఇంజనీరు రికార్డు చేశారు. ఆమె టేపులు అద్దెకు తీసుకున్న గోడౌనులో ఉండిపోయి, అద్దె బకాయిల వల్ల 1986లో వేలానికి పోయాయి. ఎవరెవరి చేతులో మారి తిరిగి వచ్చాక, ఆ కచేరీ అధికారికంగా 2017లో, జరిగిన నలభై ఏళ్లకు, విడుదలైంది. అంత డబ్బు, అంత పేరు ఉన్న బృందం టేపులకే ఆ గతి పడితే, తూప్రాన్‌లోనో నర్సాపూర్‌లోనో ఒక ఇంటి అటక మీద రేకు పెట్టెలో ఉన్న క్యాసెట్ పరిస్థితి వేరే చెప్పాలా? ఆ పెట్టెల కోసం ఊరూరా అడగడం మొదటి పని. స్టూడియో, డిజైను, విడుదల సభ ఆ తర్వాతి సంగతులు.

2024 జనవరి 31న, గద్దర్ జయంతి సభలో, రాష్ట్ర ప్రభుత్వం నంది అవార్డుల స్థానంలో ఆయన పేరుతో పురస్కారాలు ఇస్తామని ప్రకటించింది. 2025 జూన్ 14న మొదటిసారి ఇచ్చింది కూడా. మంచిదే. ఆ వేడుకకు పెట్టే ఖర్చులో ఒక చిన్న భాగం టేపుల సేకరణకు కేటాయిస్తే, పేరుతో పాటు గొంతు కూడా నిలుస్తుంది.

సంకలనం ఏళ్ల వరుసలోనే రావాలి. 1970ల బుర్రకథ రోజులు, అజ్ఞాతానికి ముందటి సభలు, 1990 నాటి మైదానాలు, 1997 తర్వాతి గొంతు, తెలంగాణ ఉద్యమ వేదికలు, చివరి ఏళ్లు. ఏదైనా ఒక్క పాటను ఈ కాలాలన్నిటి నుంచీ తీసుకుని ప్రతి భాగంలోనూ పెట్టాలి. మాట ఎక్కడ పెరిగిందో, చరణం ఎక్కడ మారిందో, ఊపిరి ఎక్కడ తీసుకోవాల్సి వచ్చిందో విన్నవాళ్లే పోల్చుకుంటారు. పాటల మధ్య మాటల్ని తీసేయకూడదు. రాజకీయంగా ఇప్పుడు ఇబ్బందిగా అనిపించే మాటలనూ, ఆయనే తర్వాత మార్చుకున్న అభిప్రాయాలనూ తీసేయకూడదు. సభ ఏ ఊళ్లో, ఏ తేదీన, ఎవరు పిలిస్తే జరిగిందో ప్రతి పాటకూ రాయాలి. తేదీ తెలియకపోతే తెలియదనే రాయాలి. మాంచెస్టర్ కచేరీకి లండన్ పేరు అంటుకుని ముప్పై ఏళ్లు తిరిగింది, ఇక్కడ ఆ పొరపాటు జరగకూడదు. మెదక్ జిల్లా గ్రంథాలయంలో ఒక ప్రతి, ఒక జత హెడ్‌ఫోన్లు ఎవరైనా వచ్చి వినేలా ఉండాలి.

(వచ్చే భాగం: గూడ అంజయ్య)